విల్లో మనిషి కోసం కాదు, విల్లో యార్డు కోసం వెళ్లండి

విల్లో అనగానే మనకు తట్టేది క్రికెట్ బ్యాటు. నైరుతి ఇంగ్లండులో సోమర్సెట్ లెవల్స్ అనే చిత్తడి మైదానాల్లో పండించే విల్లో ఆ జాతి కాదు. బ్యాటుకు లావెక్కిన మాను కావాలి. ఇక్కడిది ఏటా మొదలంటా కోసేసే సన్నటి పుల్ల, అందులోనూ ఎక్కువగా బ్లాక్ మాల్ రకం. పార్కుల్లో, రోడ్ల పక్కన నిలబెట్టే గుర్రాలూ దుప్పులూ మనుషుల బొమ్మలూ దీనితోనే అల్లుతారు.

చాలామంది బ్రిడ్జ్‌వాటర్ దగ్గర ఎం5 మోటర్‌వే పక్కనున్న విల్లో మనిషిని చూడాలని బయల్దేరతారు. దానికోసమే అయితే వెళ్లకండి. శిల్పి సెరీనా డె లా హే 2000లో ఉక్కు చట్రం చుట్టూ అల్లిన 12 మీటర్ల బొమ్మ అది. 2001 మేలో ఎవరో తగలబెట్టారు. అక్టోబరుకల్లా మళ్లీ అల్లి, ఈసారి చుట్టూ నీటి కందకం తవ్వారు. నిప్పుకు అడ్డం పడింది గానీ పిట్టలకు పడలేదు, గూళ్లకోసం పుల్లలు పీక్కుపోయాయి. ఎండావానా మిగతా పని చేశాయి. ఫొటోల్లో కనిపించే ఆ నిండైన ఒళ్లు ఇప్పుడు లేదు. బ్రిస్టల్-టాంటన్ రైలు కిటికీలోంచి ఒక్క చూపు చాలు.

ఆ ఒక్క చూపులోనూ నేర్చుకునేది ఉంది. ఉక్కు దశాబ్దాలు నిలుస్తుంది. విల్లో తొడుగు ఆరుబయట అయిదారేళ్లు, బాగా చూసుకుంటే ఇంకొంచెం. కాబట్టి ఊళ్లో ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లు మొదటిసారి అల్లే ఖర్చుతో పాటు, మళ్లీ అల్లే ఖర్చూ ముందే రాసుకోవాలి. చాలా బొమ్మలు అస్థిపంజరాలుగా మిగిలేది ఈ లెక్క తప్పడం వల్లే.

అసలు సరుకు స్టోక్ సెయింట్ గ్రెగరీ అనే పల్లెలో ఉంది. 1819 నుంచి విల్లో పనిలో ఉన్న కోట్స్ కుటుంబం యార్డు, అంటే పుల్లను సిద్ధం చేసి అమ్మే ఆవరణ, అక్కడిదే. సందర్శకుల కేంద్రం, బుట్టల మ్యూజియం ఉన్నాయి. వేళలు కాలాన్ని బట్టి మారతాయి, ముందు ఫోన్ చేయండి. బుట్టలు కొనడానికే అయితే అరగంట చాలు. పని తెలుసుకోవాలంటే సగం రోజు పెట్టుకోండి, యార్డు లోపల తిప్పి చూపించే రోజు చూసుకుని వెళ్లండి. ఒకే పుల్ల మూడు రూపాలు పొందడం అక్కడ కళ్లారా చూడొచ్చు. బెరడుతోనే ఎండబెడితే బ్రౌన్. బెరడుతోనే గంటల తరబడి ఉడకబెట్టి, తర్వాత ఒలిస్తే బఫ్. బెరడులోని రంగు కర్రలోకి దిగి ఇటుకపొడి ఛాయ వస్తుంది. వసంతంలో చిగురు తొడిగేదాకా నీళ్లలో నిలబెట్టి ఒలిస్తే తెల్లది. ఆరుబయట పెద్ద బొమ్మలకు బ్రౌనే వాడతారు, బెరడే దానికి రక్ష. అమ్మేది బోల్టుల లెక్కన. అడుగున 37 అంగుళాల చుట్టుకొలత ఉన్న కట్ట ఒక బోల్టు.

తప్పులు ఎక్కువగా జరిగేది నానబెట్టడంలో. బ్రౌన్ విల్లోకు అడుగుకు ఒక రోజు లెక్క, అంటే ఆరడుగుల పుల్లకు చన్నీళ్లలో ఆరు రోజులు. తీసి తడిగుడ్డ చుట్టి ఒక రాత్రి ఉంచాకే అల్లిక. తొందరపడితే వంపు దగ్గర పుల్ల పటుక్కుమంటుంది, ఎక్కువ నానితే జిగురొచ్చి బెరడు ఊడుతుంది. పచ్చిపుల్లతో అల్లితే ఇంకో చిక్కు. ఆరాక సన్నబడి అల్లికంతా వదులవుతుంది. పైగా పచ్చిపుల్ల మొదలు మట్టిలో దిగితే వేరు వేసి చిగుర్చుతుంది. అందుకే బొమ్మ కాళ్ల దగ్గర నేలకు తగిలేది ఉక్కు మాత్రమే, విల్లో నాలుగు వేళ్ల ఎత్తున ఆగిపోవాలి. కుళ్లు మొదలయ్యేదీ అక్కడే.

నేర్చుకోవాలంటే ఒకరోజు తరగతులు దొరుకుతాయి. మోకాలెత్తు బొమ్మ ఆ ఒక్కరోజులో అవుతుంది. నిలువెత్తు దుప్పి చేయిస్తామంటే రెండు మూడు రోజులు అడగండి, అంతకు తక్కువైతే సగం పని గురువుదే. రుసుములో విల్లో, చట్రం కలిసి ఉన్నాయా, నానబెట్టిన పుల్ల సిద్ధంగా ఉంటుందా అని ముందే తేల్చుకోండి. కత్తెర, దబ్బనం వాళ్లే ఇస్తారు. నడుముకు తెచ్చుకోవలసింది మాత్రం ఓపికే, రోజంతా వంగి పనిచేయాలి.

బసకు టాంటన్ మేలు. లండన్ పాడింగ్టన్ నుంచి రెండు గంటల్లోపు చేర్చే రైళ్లున్నాయి, హోటళ్లూ ఉన్నాయి. గ్లాస్టన్‌బరీ అందమైన ఊరే గానీ రైలు లేదు. పొలాల మధ్య గదులు బాగుంటాయి, రాత్రి భోజనానికి మాత్రం కారు తీయక తప్పదు. అసలు కారు లేకుండా ఈ ప్రాంతం తిరగడం కష్టం, పల్లెలకు బస్సులు బొత్తిగా తక్కువ.

వెళ్లడానికి ఫిబ్రవరి మంచిది. నవంబరు నుంచి మార్చి దాకా కోత కాలం కాబట్టి యార్డు నిండుగా ఉంటుంది. సాయంత్రం హామ్ వాల్ చిత్తడి నేలల మీద గోరువంకల బంధువులైన స్టార్లింగులు మబ్బులా లేచి తిరుగుతాయి, ఆ ప్రయాణానికి అదో కొసరు. చిక్కల్లా వరదే. 2014 మొదట్లో మచెల్నీ ఊరు దీవిలా మిగిలింది, బరోబ్రిడ్జ్ దగ్గర ఏ361 రోడ్డు వారాల తరబడి మూసేశారు. వానలు గట్టిగా పడుతున్న వారమైతే దారి ముందుగా కనుక్కోండి.

బతికున్న విల్లోతో కట్టినవి చూడాలంటే జర్మనీ వెళ్లొచ్చు. వైమార్‌కు దగ్గర్లోని ఆవర్‌స్టెట్‌లో వాస్తుశిల్పి మార్సెల్ కాల్‌బెరర్ బృందం 1998లో నాటిన విల్లో మండపం ఉంది. మొలకెత్తిన కర్రలే స్తంభాలు, అవే కప్పు. దీనికి అల్లిక కన్నా తోటపని ఎక్కువ. చిగురు రాకముందే కర్రను కనీసం 30 సెంటీమీటర్ల లోతున దించాలి, మొదటి వేసవంతా నీళ్లు పెట్టాలి, మొదళ్ల దగ్గర గడ్డి పెరగనివ్వకూడదు, ఏటా చలికాలంలో కత్తిరించాలి. ఒక్క రెండేళ్లు వదిలేస్తే మండపం పొదగా మారుతుంది. వేళ్లు తేమ వెతుక్కుంటూ పోతాయి కనుక డ్రైనేజీ గొట్టాలకు, గోడలకు పది మీటర్ల దూరం ఉంచాలి.

ఇష్టపడి పచ్చి కర్రలు పెట్టెలో వేసుకుని ఇండియాకు తేవాలనుకోకండి. నాటే మొక్కలకు, కర్రలకు దిగుమతి పర్మిటు, పంపే దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అల్లిన బొమ్మ తెచ్చుకుంటే ఏడాదికోసారి అవిసె నూనె పూయండి. నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. విప్పి ఆరుబయట పరిచి, పూర్తిగా గట్టిపడ్డాకే చెత్తలో వేయండి.