కాంక్రీటు బయోశాండ్ ఫిల్టర్: ఇసుక కుదిరితేనే నీళ్లు కుదురుతాయి

చెరువు నీళ్లో వాగు నీళ్లో తాగక తప్పని ఇంటికి ఏ ఫిల్టర్ మంచిదంటే, మేం ముందుగా చెప్పేది కాంక్రీటు పెట్టెలో ఇసుక గుండా నీళ్లను వడకట్టే ఈ బయోశాండ్ ఫిల్టర్ గురించే. 1990లలో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాంజ్ దీన్ని రూపొందించారు. కరెంటు అక్కర్లేదు, మార్చాల్సిన క్యాండిల్ లేదు, ఆర్‌ఓ మెషీన్‌లా సగం నీళ్లను వృథాగా వదిలెయ్యదు. బరువు మాత్రం ఎక్కువ. ఖాళీ పెట్టే దాదాపు 70 కిలోలు ఉంటుంది కాబట్టి, ఉంచాల్సిన చోట పెట్టాకే ఇసుక నింపాలి. నింపాక జరిపితే ఇసుక బిగుసుకుపోయి ధార సన్నబడుతుంది.

అసలు కీలకమంతా ఇసుకలోనే ఉంది. ఏటి ఇసుకలో కుళ్లిన ఆకులు, పేడ, క్రిములు కలిసి ఉంటాయి. రాయిని పిండి చేసిన ఇసుకే మేలు. 0.7 మి.మీ. జల్లెడలోంచి దిగినదే వాడాలి. అడుగున 6-12 మి.మీ. కంకర, దానిపైన 0.7-6 మి.మీ. సన్న కంకర, ఒక్కొక్కటి 5 సెం.మీ. మందాన వెయ్యాలి. పెట్టెలో ముందు నీళ్లు పోసి, అందులోకి ఇసుక వదలాలి. పొడి ఇసుక మీద నీళ్లు పోస్తే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. ఇసుకను తేటనీళ్లు వచ్చేదాకా కడగడం చాలామంది చేసే పొరపాటు. సన్న రేణువులన్నీ కొట్టుకుపోయాక నీళ్లు ఆగకుండా దిగిపోతాయి.

సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే ఫిల్టర్‌ను అంచు దాకా నింపి, లీటరు సీసాను నీళ్లు బయటికొచ్చే గొట్టం కింద పెట్టండి. నిండడానికి కనీసం రెండున్నర నిమిషాలు పట్టాలి. అంతకన్నా ముందే నిండితే ఇసుక ముతకగా ఉందని అర్థం, మార్చాల్సిందే.

ధార ఆగాక ఇసుక మీద 5 సెం.మీ. నీళ్లు నిలవాలి. క్రిములను తినే జీవపొర ఇసుక పైభాగంలో పెరుగుతుంది, దానికి గాలి అందేది ఆ పలుచని నీటి గుండానే. నీళ్లు లోతుగా ఉంటే ఊపిరాడదు, ఇసుక ఎండితే పొర చస్తుంది. అందుకే బయటి గొట్టానికి పైపు తగిలించకండి. పైపు నీళ్లను ఇసుక మట్టం కన్నా కిందికి లాగేస్తుంది. కుళాయి కూడా బిగించవద్దు. ఫిల్టర్‌లో క్లోరిన్ కలిపిన నీళ్లు పోసినా ఆ పొర దక్కదు. అది పెరగడానికి దాదాపు 30 రోజులు పడుతుంది. నీళ్లు పోసే ఒక విడతకూ మరో విడతకూ మధ్య కనీసం గంట విరామం ఉండాలి, 48 గంటలు దాటకూడదు.

ధార బాగా సన్నగిల్లితే ఇసుక పైభాగాన్ని చేత్తో మెల్లగా కలిపి, పైన తేలిన మురికినీళ్లు తోడి పారబోయాలి. మరీ బురదనీళ్లయితే రోజుకోసారి ఈ పని పడుతుంది కాబట్టి, ముందు బిందెలో తేర్చి పోయండి.

ఫ్లోరైడ్, ఉప్పదనం ఇది తియ్యదు. అలాంటి బోరు నీళ్లకు ఇది కొనవద్దు. వైరస్‌లు కొన్ని మిగులుతాయి. వచ్చిన నీళ్లను మూత ఉన్న పాత్రలో పట్టి, క్లోరిన్ వేసి అరగంట ఆగి తాగాలి.