సి స్ట్రక్ట్‌ను ఇంకో మెషీన్‌కు పంపాలంటే ఏది మేలు? చేతి ప్యాకింగా, ఎక్స్‌డీఆరా, ప్రోటోబఫా, సీబోరా?

సిలో ఒక స్ట్రక్ట్ (వేర్వేరు ఫీల్డులను ఒకే చోట కట్టగట్టిన డేటా) నింపి, దాని అడ్రస్సూ సైజూ ఇచ్చి ఎఫ్‌రైట్ (ఫైలులోకి రాసే ఫంక్షన్) కొడితే ఫైలు తయారైపోతుంది. సాకెట్‌లోకి పంపినా అంతే, ఒక్క లైను. అదే మెషీన్ మీద, అదే కంపైలర్‌తో కట్టిన ప్రోగ్రాం దాన్ని తిరిగి చదువుకుంటే ఏ ఇబ్బందీ రాదు. పారేసినా ఫర్వాలేని క్యాష్ ఫైళ్లకు నేనూ ఇదే వాడతాను. అవతల వేరే ప్రాసెసరో, వేరే ఆపరేటింగ్ సిస్టమో, వేరే కంపైలరో ఉన్నప్పుడే గొడవంతా.

పోలిక మాటల్లోనే మిగిలిపోకుండా ఒక చిన్న రికార్డు తీసుకుందాం. వాతావరణ కేంద్రం నుంచి వచ్చే రీడింగ్ అనుకోండి. స్టేషన్ నంబరు 300, ఇది 32 బిట్ల అన్‌సైన్డ్. ఉష్ణోగ్రత 31.5 డిగ్రీలు, పదో వంతుల్లో లెక్కగట్టి 315గా, 16 బిట్ల సైన్డ్ పూర్ణాంకంలో. ఊరి పేరు "కడప", యూటీఎఫ్-8లో. తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు పడతాయి కాబట్టి పేరు 9 బైట్లు. అన్ని పద్ధతులనూ ఈ మూడు ఫీల్డుల మీదే నడిపి చూద్దాం.

స్ట్రక్ట్‌ను ఉన్నది ఉన్నట్టు పంపడం

పేరును క్యారెక్టర్ పాయింటర్‌గా పెట్టుకున్నారనుకోండి. 64 బిట్ల లినక్స్‌లో స్ట్రక్ట్ సైజు: నంబరుకు 4, ఉష్ణోగ్రతకు 2, కంపైలర్ వదిలిన ఖాళీ 2, పాయింటర్‌కు 8. మొత్తం 16. అదే కోడ్ 32 బిట్లకు కంపైల్ చేస్తే 12. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ 16 బైట్లలో కడప అసలు లేదు. ఉన్నది మీ ప్రాసెస్ మెమరీలో ఆ పేరు ఎక్కడుందో చెప్పే అడ్రస్ మాత్రమే. "మా వీధిలో నాలుగో ఇల్లు" అని వేరే ఊరివాళ్లకు దారి చెప్పినట్టు, అవతలి మెషీన్‌కు అది పనికిరాదు. పైగా దాడి చేసేవాడికి మీ మెమరీ అమరిక గురించి ఉచితంగా సమాచారం ఇచ్చినట్టు.

పాయింటర్ తీసేసి స్థిరమైన అర్రే పెట్టినా సమస్యలు తీరవు. మొదటిది బైట్ల వరస. హెక్స్‌లో 12345678 అనే సంఖ్యను బిగ్ ఎండియన్ మెషీన్ 12 34 56 78గా మెమరీలో పెడుతుంది, లిటిల్ ఎండియన్ మెషీన్ 78 56 34 12గా పెడుతుంది. మన డెస్కుల మీదున్న ఎక్స్86, జేబుల్లో ఉన్న ఆర్మ్ దాదాపు అన్నీ లిటిల్ ఎండియనే. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఈనాటికీ బిగ్ ఎండియన్. ఇంటర్నెట్ ప్రొటోకాల్ హెడర్లు కూడా బిగ్ ఎండియనే, హెచ్‌టీఓఎన్ఎల్ లాంటి ఫంక్షన్లు ఉన్నది అందుకే.

రెండోది టైపుల సైజు. లాంగ్ అంటే 64 బిట్ల లినక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4. మూడోది ప్యాడింగ్, అంటే ఫీల్డుల మధ్య కంపైలర్ వదిలే ఖాళీ. ఒక చార్, ఒక డబుల్, ఒక ఇంట్ వరసగా ఉన్న స్ట్రక్ట్ 64 బిట్ల లినక్స్‌లో 24 బైట్లు, 32 బిట్ల ఎక్స్86 లినక్స్‌లో 16. రెండోచోట స్ట్రక్ట్ లోపలి డబుల్ 4 బైట్ల హద్దు మీద కూర్చుంటుంది కాబట్టి ఆ తేడా. ఒకే బైటును కొన్నేసి బిట్లుగా పంచుకునే బిట్‌ఫీల్డుల సంగతి ఇంకా ఘోరం, ఏ బిట్ ముందో నిర్ణయించే హక్కు స్టాండర్డ్ కంపైలర్‌కే వదిలేసింది. లినక్స్ కెర్నెల్‌లో ఐపీ హెడర్ స్ట్రక్ట్ చూడండి. వెర్షన్, హెడర్ లెంగ్త్ ఫీల్డులను ఎండియన్‌ను బట్టి రెండు రకాలుగా, రెండుసార్లు రాసుకోవాల్సి వచ్చింది.

చాలామంది ఇక్కడ ప్యాక్డ్ అట్రిబ్యూట్ తగిలించి ఊపిరి పీల్చుకుంటారు. అది ప్యాడింగ్‌ను తీసేస్తుంది, అంతే. బైట్ల వరస మారదు, లాంగ్ సైజు మారదు. పైగా హద్దు తప్పిన ఫీల్డు అడ్రస్ తీసుకుని మామూలు పాయింటర్‌గా వాడితే కొన్ని ప్రాసెసర్ల మీద ప్రోగ్రాం అక్కడికక్కడే పడిపోతుంది. జీసీసీ కంపైలర్ 9వ వెర్షన్ నుంచి దీనికి ప్రత్యేకంగా వార్నింగ్ ఇస్తోంది. ఆ వార్నింగ్‌ను నోరు మూయించడం మాత్రం పరిష్కారం కాదు.

చేత్తో బైట్లు పేర్చడం

నాకు ఎక్కువ ఇష్టమైన పద్ధతి ఇది. ముందు కాగితం మీద ఫార్మాట్ రాసుకుంటాం: 0 నుంచి 3 బైట్లలో స్టేషన్, బిగ్ ఎండియన్. 4, 5లో ఉష్ణోగ్రత. 6లో పేరు పొడవు. 7 నుంచి పేరు. మొత్తం 4+2+1+9, అంటే 16 బైట్లు. పాయింటర్ ఉన్న స్ట్రక్ట్ కూడా 16 బైట్లే కదా, కానీ ఇందులో కడప నిజంగా ఉంది.

రాసేటప్పుడు సంఖ్యను 24, 16, 8, 0 బిట్లు కుడికి జరిపి ఒక్కో బైటు తీసి బఫర్‌లో పెడతాం. చదివేటప్పుడు ఎడమకు జరిపి కలుపుతాం. ఇక్కడ గమనించాల్సింది, ఈ కోడ్‌లో "నా మెషీన్ ఏ ఎండియన్?" అన్న ప్రశ్నే రాదు. మెషీన్‌ను బట్టి కోడ్ మార్చే ఇఫ్‌డెఫ్ ఒక్కటి కూడా అక్కర్లేదు. ఫార్మాట్ వరస ఏదో తెలిస్తే చాలు, మెషీన్ వరసతో పనిలేదు. నెమ్మదిగా నడుస్తుందన్న భయం కూడా వద్దు. ఆప్టిమైజేషన్ పెడితే ఇప్పటి జీసీసీ, క్లాంగ్ ఈ నాలుగు షిఫ్టులనూ గుర్తుపట్టి ఒకే లోడ్‌గా, అవసరమైతే ఒక బైట్ స్వాప్‌తో సహా మార్చేస్తాయి.

ఒక గోతి మాత్రం ఉంది. చదివేటప్పుడు 8 బిట్ల అన్‌సైన్డ్ బైటును నేరుగా 24 బిట్లు ఎడమకు జరిపితే, సి నియమాల ప్రకారం అది ముందు సైన్డ్ ఇంట్‌గా మారుతుంది. బైటు విలువ 128 లేదా అంతకన్నా ఎక్కువైతే ఫలితం ఇంట్‌లో పట్టదు, ఇది నిర్వచనం లేని ప్రవర్తన. ఫలితాన్ని 32 బిట్ల వేరియబుల్‌లో పెట్టినంతకాలం సాధారణంగా బాగానే కనిపిస్తుంది. 64 బిట్ల దాంట్లో పెట్టారో, పై 32 బిట్లూ 1లతో నిండి స్టేషన్ నంబరు ఆకాశానికి ఎగిరిపోతుంది. 300 లాంటి చిన్న నంబర్లతో పరీక్షిస్తే ఏళ్లు గడిచినా ఇది బయటపడదు. జరపకముందే 32 బిట్ల అన్‌సైన్డ్‌కు క్యాస్ట్ చేయడం ఒక్కటే మందు. డబుల్‌ను పంపాలంటే మెమ్‌కాపీతో 64 బిట్ల పూర్ణాంకంలోకి తీసుకుని అదే షిఫ్టుల దారిలో పంపాలి. రెండు వైపులా ఐఈఈఈ 754 (దశాంశ సంఖ్యలను బిట్లలో పెట్టే స్టాండర్డ్) ఉంటే సరిపోతుంది, ఇవాళ మామూలుగా దొరికే మెషీన్లన్నిటిలో ఉన్నది అదే.

ఈ పద్ధతి ఆటవస్తువు కాదు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలులో సంఖ్యలు బిగ్ ఎండియన్‌లో ఉంటాయి, అందుకే ఫోన్‌లో తయారైన ఫైలును కాపీ చేసి ఏ సర్వర్ మీదైనా తెరవగలుగుతున్నాం. పీఎన్‌జీ బొమ్మలదీ అదే దారి.

లోటు ఎక్కడంటే, మార్పు. వచ్చే ఏడాది గాలిలో తేమ అనే ఫీల్డు కలపాలంటే మొదటి బైటులో వెర్షన్ నంబరు ముందే పెట్టి ఉండాలి, ప్రతి వెర్షన్‌కూ చదివే కోడ్ మీరే మోయాలి. ఫీల్డులు పది, పదిహేను దాటి, లోపల లిస్టులూ చెట్లూ వచ్చాయంటే రాసే ఫంక్షనూ చదివే ఫంక్షనూ ఒకదానికొకటి దూరం జరగడం మొదలవుతుంది.

ఎక్స్‌డీఆర్

సరిగ్గా ఆ దూరాన్నే సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు అందంగా మూసేశారు. వాళ్ల డేటా ఫార్మాట్ ఎక్స్‌డీఆర్ (ఎక్స్‌టర్నల్ డేటా రిప్రజెంటేషన్) 1987లో ఆర్‌ఎఫ్‌సీ 1014 అనే ఇంటర్నెట్ స్టాండర్డ్ పత్రంగా వచ్చింది, ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4506. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ ఈనాటికీ దీని మీదే నడుస్తోంది. ఇందులో ఒక టైపుకు ఒకే ఫంక్షన్ ఉంటుంది. రాయమంటే అదే రాస్తుంది, చదవమంటే అదే చదువుతుంది, చదివాక మెమరీ విడిపించడమూ దాని పనే. ఫీల్డుల వరస ఒక్కచోటే ఉంటుంది కాబట్టి రాసేదీ చదివేదీ వేరే దారులు పట్టే అవకాశమే లేదు. సి కోసం ఇంత చక్కగా ఆలోచించిన ఏపీఐ అరుదు. పాయింటర్ లిస్టులకు కూడా సూటి దారి ఉంది: "తర్వాతిది ఉంది" అని 1, ఆపై ఆ నోడ్, అయిపోతే 0.

ధర బైట్లలో కట్టాలి. ఎక్స్‌డీఆర్‌లో ప్రతిదీ 4 బైట్ల లెక్క. 16 బిట్ల ఉష్ణోగ్రతకూ 4, అవును-కాదు అనే బూలియన్‌కూ 4. కడపకు పొడవు 4, అక్షరాలు 9, నింపుడు సున్నాలు 3, వెరసి 16. రికార్డు మొత్తం 24 బైట్లు. నిర్వచనం ప్రకారం స్ట్రింగ్ అంటే ఆస్కీ బైట్లే. యూటీఎఫ్-8 పంపితే ఆచరణలో నడుస్తుంది, కాకపోతే ఆ ఒప్పందం మీరు విడిగా రాసుకోవాలి. కొత్త ఫీల్డు కలిపితే పాత ప్రోగ్రాంకు అర్థం కాదు, ఇక్కడా వెర్షన్ల బాధ్యత మీదే. లినక్స్ సి లైబ్రరీ గ్లిబ్‌సీ 2020లో 2.32 వెర్షన్ నుంచి, ఎక్స్‌డీఆర్ కోడ్ ఉండే సన్ ఆర్‌పీసీని తీసేసింది కాబట్టి లినక్స్‌లో లిబ్‌టీఐఆర్‌పీసీ పెట్టుకోవాలి.

మరో సంగతి 2002 నాటిది. ఎక్స్‌డీఆర్ అర్రే చదివే ఫంక్షన్‌లో, అవతలి వాళ్లు చెప్పిన సంఖ్యను ఒక్కో అంశం సైజుతో గుణించేటప్పుడు ఓవర్‌ఫ్లో అయ్యేది. చిన్న బఫర్ కేటాయించి పెద్ద డేటా రాసేది. సన్ కోడ్‌ను వాడుకున్న చాలా లైబ్రరీలకు అది అంటింది. అవతలి నుంచి వచ్చిన పొడవును ఎప్పుడూ నమ్మకూడదు, చేత్తో రాసినా లైబ్రరీ వాడినా ఇదే నియమం.

ఏఎస్ఎన్.1 అనే మరో పాత డేటా స్టాండర్డ్ గురించి ఎక్కువ చెప్పను. మీ బ్రౌజర్ చూసే ప్రతి సర్టిఫికెట్టూ దీని డీఈఆర్ రూపంలోనే ఉంటుంది, 4జీ, 5జీ ఫోను టవర్‌తో మాట్లాడే కంట్రోల్ సందేశాలు దీని పీఈఆర్ రూపంలో ఉంటాయి. మన రికార్డు డీఈఆర్‌లో 21 బైట్లు. ఆ రంగాల్లో పనిచేస్తుంటే తప్పదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దాని నియమాల బరువు మోయమని చెప్పలేను.

ప్రోటోబఫ్

గూగుల్ 2008లో బయటపెట్టిన ప్రోటోకాల్ బఫర్స్ బలం మార్పును తట్టుకోవడంలో ఉంది. ప్రతి ఫీల్డుకూ ఒక నంబరు, అది బైట్లతో పాటే ప్రయాణిస్తుంది. తనకు తెలియని నంబరు కనబడితే పాత ప్రోగ్రాం దాటేసి ముందుకు పోతుంది. తేమ ఫీల్డు కలిపినా పాత స్టేషన్లూ కొత్త సర్వరూ మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఒకసారి వాడిన నంబరును మళ్లీ వేరే అర్థంతో వాడకూడదు, క్రమశిక్షణ అంతే.

సంఖ్యలు ఎంత పొదుపుగా వెళ్తాయో 300 తీసుకుని చూడండి. 7 బిట్ల ముక్కలు చేస్తే 300 అంటే 2×128 + 44. ముందు చిన్న ముక్క 44 వెళ్తుంది, "ఇంకా ఉంది" అన్న గుర్తుగా 128 కలిపి 172. తర్వాత 2. రెండే బైట్లు. ఫీల్డు గుర్తు ఒకటి కలిపి 3, ఉష్ణోగ్రతకు 3, పేరుకు 11, మొత్తం 17. ఉష్ణోగ్రతను ఇంట్32గా ప్రకటిస్తే మాత్రం మైనస్ ఒకటికి కూడా 10 బైట్లు పడతాయి. ఎస్ఇంట్32 అని రాయాలి, అప్పుడు ఒక్క బైటు చాలు. 16 బిట్ల టైపు లేదు కాబట్టి విలువ హద్దులో ఉందో లేదో చదివాక మీరే చూసుకోవాలి.

సి వాళ్లకు ప్రోటోబఫ్-సి, న్యానోపీబీ ఉన్నాయి. మైక్రోకంట్రోలర్ మీదైతే న్యానోపీబీయే. పేరు పొడవు పరిమితి ముందే చెబితే మాలాక్ (నడుస్తుండగా మెమరీ అడగడం) లేకుండా స్థిరమైన స్ట్రక్ట్ తయారు చేసి ఇస్తుంది. ఒక జాగ్రత్త: ఒకే సందేశానికి ఎప్పుడూ ఒకే బైట్లు వస్తాయన్న హామీ ప్రోటోబఫ్‌లో లేదు. ఆ బైట్ల మీద హ్యాష్ కట్టి పోల్చే ఆలోచన ఉంటే వేరేది చూసుకోండి.

సీబోర్, జేసన్

జేసన్ లాంటి డేటాను బైనరీలో పెట్టే ఫార్మాట్ సీబోర్, 2013లో ఆర్‌ఎఫ్‌సీ 7049గా వచ్చి 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8949 అయింది. ఫీల్డులను ముందే ప్రకటించే స్కీమా ఫైలు, దాన్నుంచి కోడ్ తయారు చేసే జనరేటర్ ఏవీ లేకుండానే మొదలుపెట్టవచ్చు, బైట్లే తమ టైపు చెప్పుకుంటాయి. మన రికార్డు మూడు అంశాల అర్రేగా 17 బైట్లు, అంకెల కీలున్న మ్యాప్‌గా 20. స్థిరమైన ఎన్‌కోడింగ్ నియమాలు స్టాండర్డ్‌లోనే ఉన్నాయి కాబట్టి సంతకాలకు పనికొస్తుంది. పాస్‌కీల కోసం వాడే యూఎస్‌బీ సెక్యూరిటీ కీలు, యూరప్ కోవిడ్ సర్టిఫికెట్లు దీన్ని ఎంచుకున్నాయి. ఏ కీ తప్పనిసరో, ఏది ఏ టైపో తనిఖీ చేసే కోడ్ మాత్రం మీరే రాయాలి. చిన్న పరికరాల్లో అదే సగం పని.

జేసన్‌లో ఇదే రికార్డు, ఒక్కో అక్షరం కీలు పెట్టినా, 33 బైట్లు. కళ్లతో చదవగలగడం దాని గొప్ప. సిలో మాత్రం రెండు ముళ్లున్నాయి. సీజేసన్ లైబ్రరీ సంఖ్యలను డబుల్‌గా దాచుకుంటుంది కాబట్టి 9007199254740993 లోపలికి వెళ్లి చివర 992తో బయటకు వస్తుంది. జర్మన్ లొకేల్ (ఆ దేశపు అంకెల, తేదీల అలవాట్లు) పెట్టిన ప్రోగ్రాంలో ప్రింట్ఎఫ్‌తో దశాంశం రాస్తే చుక్క బదులు కామా పడి జేసన్ చెల్లకుండా పోతుంది.

మరి ఏది?

ఫార్మాట్ చిన్నదై, ఏళ్ల తరబడి మారదనుకుంటే చేతి ప్యాకింగే మేలు, ఆధారపడాల్సిన లైబ్రరీ లేదు. ఫైలు హెడర్లు, సెన్సర్ ప్యాకెట్లు ఇందులోకే వస్తాయి. ఫీల్డులు పెరుగుతూ, రెండు వైపులా వేర్వేరు టీములు వేర్వేరు భాషల్లో రాస్తుంటే ప్రోటోబఫ్ తీసుకోండి, దీని దగ్గర నాకు సందేహం లేదు. సంతకం చేయాల్సిన డేటా, లేదా జనరేటర్‌ను బిల్డ్‌లో ఇరికించలేని పరికరం అయితే సీబోర్. ఎక్స్‌డీఆర్‌ను నేను మనసారా గౌరవిస్తాను, రెండు వైపులా సి ఉండి ఇప్పటికే దాని మీద నడుస్తున్న వ్యవస్థను మార్చమని చెప్పను. కొత్త పనికి మాత్రం సిఫారసు చేయను. జేసన్ మనుషులు చూసే చోట ఉంచండి.

ఏది ఎంచుకున్నా రెండు పరీక్షలు మొదటి వారంలోనే పెట్టండి. ఒకటి, ముందే చేత్తో లెక్కగట్టిన బైట్లతో పోల్చే పరీక్ష. రాసి, చదివి, సరిపోయిందనుకుంటే చాలదు, రెండు వైపులా ఒకే తప్పు ఉంటే అది పాసైపోతుంది. స్టేషన్ నంబరుగా 300తో పాటు 4294967295 కూడా పెట్టండి, నిర్వచనం లేని ప్రవర్తనను పట్టుకునే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ ఆన్ చేసి నడపండి. రెండు, అదే పరీక్షను ఎస్390ఎక్స్‌కు (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ప్రాసెసర్ రకం) క్రాస్ కంపైల్ చేసి, వేరే ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఈఎంయూలో నడపడం, మెయిన్‌ఫ్రేమ్ కొనకుండానే బిగ్ ఎండియన్ మెషీన్ దొరికినట్టు. ఆ తర్వాత సరైన రికార్డును ప్రతి బైటు దగ్గరా తెగ్గోసి డీకోడర్‌కు ఇవ్వండి: 16 బైట్ల రికార్డుకు 0 నుంచి 15 వరకు, అన్నిటికీ "డేటా చాలలేదు" అనే జవాబు రావాలి.