పది రూపాయల ఆర్టీఐ పోర్టల్: దరఖాస్తు వరకు భేష్, ఆ తర్వాత అంతా మన రాతలోనే

సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల నుంచి సమాచారం అడగాలంటే పోస్టల్ ఆర్డర్ కోసం పోస్టాఫీసు చుట్టూ తిరగాల్సిన పని 2013 నుంచి లేదు. ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు నింపి, పది రూపాయలు కట్టి, రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుంటే చాలు. దరఖాస్తు అందిందా లేదా అన్న తగాదాకే తావుండదు. సిబ్బంది, శిక్షణ శాఖ దీన్ని నడుపుతోంది, ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ తయారు చేసింది. మార్కులు వేయమంటే ఐదుకు మూడున్నర. ఆ ఒకటిన్నర ఎందుకు తగ్గిందో తెలిస్తే పది రూపాయలూ, నెల రోజులూ వృథా కాకుండా చూసుకోవచ్చు.

ముందు ఇది ఎవరికి పనికిరాదో చూద్దాం. పంచాయతీ, తహసీల్దారు కార్యాలయం, మున్సిపాలిటీ, విద్యుత్ పంపిణీ సంస్థ, రాష్ట్ర పోలీసులు, ఇవేవీ ఇందులోకి రావు. రాష్ట్ర కార్యాలయానికి వెళ్లాల్సిన దరఖాస్తు ఇక్కడ వేస్తే తిప్పి పంపుతారు, రుసుము వాపసు ఇవ్వరు. ఈ సంగతి పోర్టల్ సూచనల్లోనే ఉంటుంది కానీ, అందరూ కిందికి స్క్రోల్ చేసి 'చదివాను' అన్న గడిలో టిక్కు పెట్టేసే పేజీ అది. తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. వాటికి నేరుగా కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవడమే మేలు. పోస్టులో పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. పాత అలవాటు కొద్దీ 'ఆర్‌పీఏడీ' (రసీదు కార్డుతో రిజిస్టర్డ్ పోస్టు) అని అడగకుండా స్పీడ్ పోస్టులోనే చేరిన రుజువు తీసుకోవాలి.

కేంద్ర ప్రభుత్వ బ్యాంకులు, ఎల్ఐసీ, ఈపీఎఫ్ఓ, రైల్వే, తపాలా శాఖ, జాతీయ రహదారుల సంస్థ, ఆదాయపు పన్ను శాఖ లాంటివాటికి మాత్రం పోర్టల్‌ను మించిన దారి లేదు.

లోపలికి వెళ్లగానే మొదట మంత్రిత్వ శాఖను, దాని కింద సంస్థను ఎంచుకోమంటుంది. చాలా దరఖాస్తులు దారి తప్పేది ఇక్కడే. మీ పీఎఫ్ క్లెయిము ప్రాంతీయ కార్యాలయంలో ఆగితే, జాబితాలో ఆ కార్యాలయం పేరు కనిపిస్తున్నంత వరకు దాన్నే ఎంచుకోవాలి. కనిపించకపోతే ప్రధాన కార్యాలయాన్ని ఎంచుకుని, దరఖాస్తు మొదటి వాక్యంలోనే 'ఈ సమాచారం ఫలానా ప్రాంతీయ కార్యాలయం వద్ద ఉంది' అని రాయాలి. ఎందుకంటే దరఖాస్తు ముందు నోడల్ అధికారి దగ్గరికి చేరుతుంది. అది ఏ పౌర సమాచార అధికారికి వెళ్లాలో ఆయన ఆ మొదటి రెండు వాక్యాలు చూసి తేలుస్తాడు. సంస్థే వేరైతే సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో బదిలీ చేయాలి, 'మాది కాదు' అని చేతులు దులుపుకోకూడదు. బదిలీ అయితే కొత్త రిజిస్ట్రేషన్ నంబరు పడుతుంది. మొదటి నంబరులో 'ఆర్/ఈ' ఉన్నచోట కొత్తదానిలో 'ఆర్/టీ' కనిపిస్తుంది. పాత నంబరు పెట్టి చూస్తే 'బదిలీ అయింది' అన్న ముక్క తప్ప ఏమీ ఉండదు. కొత్త నంబరు వచ్చిన మెయిల్ స్పామ్‌లో పడిపోతే ఇక జవాబే రాలేదనుకుంటారు.

స్టేటస్ చూడాలంటే రిజిస్ట్రేషన్ నంబరుతో పాటు దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్ కూడా కావాలి. నెట్ సెంటరు వాళ్లతో వేయించుకునేవాళ్లు వాళ్ల మెయిల్ కాకుండా తమదే ఇప్పించుకోవాలి. జవాబు, అదనపు రుసుము కబురు, అప్పీలు, అన్నీ ఆ మెయిల్‌కే ముడిపడి ఉంటాయి.

అసలు కథ దరఖాస్తు రాసే పెట్టెలో ఉంది. 3000 అక్షరాల వరకే పడతాయి. అంతకు మించితే పీడీఎఫ్‌గా జత చేయాలి. ఆ పీడీఎఫ్ ఒక ఎంబీ దాటకూడదు, ఫైలు పేరులో ఖాళీలు ఉండకూడదు. పెట్టె ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కామా, చుక్క, బ్రాకెట్లు, గీత లాంటి కొన్ని గుర్తులనే ఒప్పుకుంటుంది. వర్డ్‌లో రాసి తెచ్చి అతికిస్తే వంకర కొటేషన్ గుర్తులు, రూపాయి గుర్తు, బుల్లెట్ చుక్కలు కూడా వచ్చేస్తాయి. పోర్టల్ ఏ అక్షరం నచ్చలేదో చెప్పకుండా ఎర్రగా ఒక హెచ్చరిక మాత్రం చూపిస్తుంది. నోట్‌ప్యాడ్‌లో రాసి అతికిస్తే ఈ బాధ ఉండదు. రూపాయి గుర్తు బదులు 'ఆర్ఎస్' అని రాస్తే సరి.

తెలుగులో అడగవచ్చా? చట్టం ప్రకారం అడగవచ్చు. సెక్షన్ 6(1) ఇంగ్లిష్, హిందీలతో పాటు ఆ ప్రాంతపు అధికార భాషనూ ఒప్పుకుంటుంది. పోర్టల్ పెట్టె మాత్రం తెలుగును మింగదు. అర మార్కు దీనికే కోశాను. చేయగలిగింది ఒకటే: పెట్టెలో రెండు ముక్కలు ఇంగ్లిష్‌లో సారాంశం రాసి, పూర్తి దరఖాస్తు తెలుగులో పీడీఎఫ్‌గా జత చేయడం. అయితే దరఖాస్తు చేరేది ఢిల్లీ కార్యాలయానికైతే అనువాదం పేరుతో ఆలస్యం తప్పదు. హైదరాబాద్, విజయవాడ కార్యాలయాలకైతే ఇబ్బంది తక్కువ.

ఇక ఏం రాయాలన్నది. ఒక జాతీయ రహదారి మీద కొత్తగా వేసిన తారు ఏడాది తిరక్కుండా లేచిపోయింది అనుకుందాం. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: 'రోడ్డు ఇంత త్వరగా ఎందుకు పాడైంది? బాధ్యులు ఎవరు? వాళ్లపై ఏం చర్యలు తీసుకున్నారు?' దీనికి వచ్చే జవాబు ముందే చెప్పవచ్చు: 'అడిగినది సెక్షన్ 2(ఎఫ్) కింద సమాచారం నిర్వచనంలోకి రాదు.' ఆ జవాబు చిరాకు తెప్పించినా చట్టం వాళ్ల వైపే ఉంది. కార్యాలయంలో కాగితం రూపంలోనో ఫైలు రూపంలోనో ఉన్నదే ఇవ్వాలి. కారణాలు విశ్లేషించి, అభిప్రాయం తయారు చేసి ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ జవాబు పత్రాల కేసులో తేల్చింది.

అదే విషయాన్ని ఇలా అడగండి. రహదారి నంబరు, ఎన్నో కిలోమీటరు నుంచి ఎన్నో కిలోమీటరు వరకు, పని జరిగిన నెల, సంవత్సరం రాయండి. ఆ పనికి సంబంధించిన ఒప్పందం నకలు. ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) ఆ కిలోమీటర్ల కొలతలు నమోదైన పేజీల నకళ్లు. నాణ్యత పరీక్షల నివేదికలు. కాంట్రాక్టరు సొంత ఖర్చుతో లోపాలు సరిచేయాల్సిన కాలం ఎంతో రాసి ఉన్న పేజీ. ఆ కాలంలో కాంట్రాక్టరుకు కార్యాలయం పంపిన లేఖలు. చివరి బిల్లు నకలు. ఇవన్నీ కాగితాలే. ఇవ్వకపోతే ఫలానా మినహాయింపు కింద ఇవ్వడం లేదని సెక్షన్ రాసి చెప్పాలి. 'ఎందుకు పాడైంది' అన్నదానికి జవాబు ఎం-బుక్‌నూ పరీక్షల నివేదికలనూ పక్కపక్కన పెడితే మీకే దొరుకుతుంది.

అడిగేది ఎక్కువ పేజీలైతే ముందు ఫైలు పరిశీలన అడగడం తెలివైన పని. మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు 5 రూపాయలు. చూసి, కావలసిన పేజీలు గుర్తుపెట్టి, వాటికే నకళ్లు తీసుకోవచ్చు. కేంద్ర నియమాల ప్రకారం ఏ3 లేదా అంతకన్నా చిన్న కాగితానికి పేజీకి 2 రూపాయలు. అలా కాకుండా 'పదేళ్ల బిల్లులన్నీ ఇవ్వండి' అంటే సెక్షన్ 7(9) చూపించి, ఆ రూపంలో ఇస్తే వనరులన్నీ దీనికే మళ్లించాల్సి వస్తుందంటారు. నిజానికి ఆ సెక్షన్ రూపం మార్చమంటుంది తప్ప సమాచారం నిరాకరించమనదు. 'అయితే పరిశీలనకు అవకాశం ఇవ్వండి' అన్న ఒక్క వాక్యం దరఖాస్తు చివర ముందే పెట్టేస్తే ఆ తలుపు కూడా తెరిచి ఉంటుంది.

సమాచారం ఎందుకు కావాలో రాయకండి. సెక్షన్ 6(2) ప్రకారం కారణం అడిగే హక్కు వాళ్లకు లేదు, మీరు రాస్తే మాత్రం అదే పట్టుకుంటారు. సంఘం పేరుతో, కంపెనీ పేరుతో కూడా వేయకండి. హక్కు పౌరుడిది కాబట్టి మనిషి పేరుతోనే వేయాలి.

డబ్బు కట్టే దగ్గర పోర్టల్ తొందర మనుషులకు పరీక్ష పెడుతుంది. కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ అన్నీ ఉన్నాయి. ఖాతాలో డబ్బు తెగి, నంబరు రాకపోతే మళ్లీ కట్టకండి. బ్యాంకు లెక్క సరిపోల్చుకున్నాక నంబరు దానంతట అదే పడుతుంది, ఒకటి రెండు పనిదినాలు ఆగాలి. తెల్ల రేషన్ కార్డు చూపిస్తే చాలనుకోకూడదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు ప్రభుత్వం ఇచ్చిన ధ్రువపత్రం జత చేస్తేనే రుసుము మినహాయింపు.

తర్వాత 30 రోజుల లెక్క, అంటే వాళ్లు జవాబు ఇవ్వాల్సిన గడువు. నకళ్లకు రుసుము కట్టమని వాళ్లు కబురు పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు ఈ 30లో కలవదు. కాబట్టి మెయిల్ చూసిన వెంటనే కట్టేయాలి. గడువు దాటాక రుసుము అడిగితే సెక్షన్ 7(6) చూపించండి, అప్పుడు ఉచితంగానే ఇవ్వాలి. కార్యాలయాలు ఈ సెక్షన్‌ను గుర్తుంచుకోవడం అరుదు.

పోర్టల్ బలహీనత అంతా జవాబు దశలో ఉంది. స్టేటస్‌లో 'పరిష్కరించబడింది' అని కనిపిస్తుంది. తెరిచి చూస్తే ఒకే ఒక్క వాక్యం: 'జవాబు పోస్టులో పంపాం.' ఒక్కోసారి జతచేసిన స్కాన్ చదవడానికే రాదు. పోర్టల్ దృష్టిలో మాత్రం పని అయిపోయింది. జవాబు ఎంత పసలేనిదైనా దరఖాస్తు 'ముగిసినవి' లెక్కలోకి పోతుంది. మిగతా ఒక మార్కు ఇక్కడ పోయింది.

వ్యక్తిగత సమాచారం అంటూ 8(1)(జె) కింద వచ్చే తిరస్కరణలు ఇకపై పెరుగుతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ క్లాజులోని మాటలను తగ్గించి, విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మాటను అందులోంచి తీసేసింది. అయితే సెక్షన్ 8(2) అలాగే ఉంది: హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్న సమాచారమైనా ఇవ్వవచ్చు. అప్పీలులో ఆ సెక్షన్ పేరు పెట్టి, ప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో రాయాలి. దానితో పాటు సెక్షన్ 10 కూడా. పేర్లు, ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు కొట్టేసి మిగతా పేజీ ఇమ్మని అడగడానికి ఆధారం అదే.

మొదటి అప్పీలు విషయంలో పోర్టల్‌కు పూర్తి మార్కులు ఇవ్వాలి. రుసుము లేదు. పాత నంబరు కొడితే వివరాలన్నీ వాటంతట అవే వస్తాయి. కారణం జాబితాలోంచి ఎంచుకోవాలి: గడువులో జవాబు రాలేదు, నిరాకరించారు, అరకొరగానో తప్పుగానో ఇచ్చారు, రుసుము ఎక్కువ అడిగారు, ఇతర కారణం. జవాబు అందిన రోజు నుంచి, అసలు రాకపోతే గడువు ముగిసిన రోజు నుంచి 30 రోజుల్లో వేయాలి. అప్పీలులో కొత్త ప్రశ్నలు కలపకూడదు, అలా చేస్తే వాటిని వదిలేసి మిగతావే చూస్తారు. 'ఒకటో అంశానికి జవాబు లేదు, మూడో అంశానికి ఇచ్చినది వేరే కిలోమీటరుది' అని అంశాల వారీగా రాస్తే అప్పిలేట్ అధికారి తప్పించుకోవడం కష్టం. ఆయనకు 30 రోజులు, కారణం రాస్తే 45 రోజుల వరకు గడువు.

రెండో అప్పీలు ఈ పోర్టల్‌లో కాదు, కేంద్ర సమాచార కమిషన్ వెబ్‌సైట్‌లో వేయాలి. మొదటి అప్పీలు నిర్ణయం వచ్చాక, లేదా రావాల్సిన గడువు దాటాక 90 రోజుల్లోపు. దరఖాస్తు, జవాబు, మొదటి అప్పీలు, దాని ఉత్తర్వు, మీరు ఆధారపడే ఇతర కాగితాలు, వీటన్నిటికీ ఒక సూచిక పెట్టాలి. ఒకటి తగ్గినా అప్పీలు తిరిగి వస్తుంది. ఇక్కడ చాలామంది సెక్షన్ 18 ఫిర్యాదుకూ సెక్షన్ 19 అప్పీలుకూ తేడా చూడరు. ఫిర్యాదు మీద కమిషన్ అధికారికి జరిమానా వేయగలదు, రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు. సమాచారం ఇమ్మని మాత్రం ఫిర్యాదు మీద ఆదేశించలేదు. 2011లో మణిపుర్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది. కాగితం చేతికి రావాలంటే అప్పీలే వేయాలి, జరిమానా కూడా కావాలనుకుంటే సెక్షన్ 20 మాట ఆ అప్పీలులోనే రాయవచ్చు. విచారణకు ఢిల్లీ వెళ్లక్కర్లేదు. జిల్లా కేంద్రంలోని ఎన్ఐసీ గదిలో వీడియోలో హాజరు కావచ్చు. కమిషనర్ ఇచ్చే సమయం కొద్ది నిమిషాలే, కాబట్టి రాని పేజీల జాబితా ఒక్క కాగితం మీద రాసుకుని వెళ్లండి.