గన్నవరం విమానం, నాన్న షుగర్ మాత్ర, పెసరట్టు బాక్సు

ఢిల్లీలో ఉన్న చెల్లి దగ్గరికి ఏడాదికి ఒకసారైనా నాన్నను తీసుకెళ్తాను. గుంటూరులో మా ఇంటి నుంచి గన్నవరం విమానాశ్రయం 50 కిలోమీటర్ల పైనే. ఉదయం 9 గంటల విమానం అంటే 5 దాటగానే బయల్దేరాలి. మంగళగిరి, వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగ్ దాటి 7 లోపు చేరాలి. ఢిల్లీలో దిగి చెల్లి ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నం అవుతుంది. షుగర్ ఉన్న మనిషికి ఇన్ని గంటల్లో తిండి ఎప్పుడు, ఎక్కడ అన్నది టికెట్ కొన్నప్పుడే ఆలోచించుకోవాలి.

పోయినసారి నేను ఆలోచించలేదు. టిఫిన్‌కి ముందు వేసుకునే మాత్రను నాన్న అలవాటు కొద్దీ ఇంట్లోనే వేసేసుకున్నాడు. లోపలికి వెళ్లాక తిందాంలే అనుకున్నాం. సెక్యూరిటీ క్యూలో నిలబడ్డప్పుడు చూస్తే నుదురంతా చెమట, బోర్డింగ్ పాస్ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. "ఏం లేదులే అమ్మా" అంటున్నాడు గానీ మాట తడబడుతోంది. అక్కడున్న సిబ్బంది మమ్మల్ని ముందుకు పంపారు. మాత్ర వేసుకుని ఏమీ తినకపోవడంతో షుగర్ పడిపోయిందని అర్థమైంది. టీ కౌంటర్‌లో మూడు పంచదార ప్యాకెట్లు అడిగి, సగం గ్లాసు నీళ్లలో కలిపి తాగించాను. మూడు చెంచాలంటే దాదాపు 15 గ్రాములు. పావుగంటకు తేరుకున్నాడు. ఆ తర్వాతే ఇడ్లీ తినిపించాను. ఆ పావుగంట నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

అందుకే ఈసారి డాక్టర్‌ని అడిగి, ప్లేటు ముందుకు వచ్చాకే మాత్ర అని పెట్టుకున్నాం. రాత్రి నానబెట్టిన పెసలతో అమ్మ తెల్లవారుజామున మూడు పెసరట్లు పోసింది. చట్నీ కడితే కారుతుందని అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర పిండిలోనే రుబ్బేసింది. ఇంకో డబ్బాలో తాలింపు వేసిన శనగ గుగ్గిళ్లు. చెకింగ్‌లో బాక్సు తెరిచి చూసి పంపేశారు. చెల్లికి పట్టుకెళ్లే కారం మాత్రం చెక్-ఇన్ సూట్‌కేసులోనే పెట్టండి, కారప్పొడిని చేతి సంచిలో రానివ్వరు. 7:45కి కుర్చీలో కూర్చుని నాన్న మాత్ర వేసుకుని పెసరట్టు తుంచాడు. చల్లారినా అంచు దగ్గర ఇంకా కాస్త కరకరలాడుతూనే ఉంది.

ఇంట్లో వండే వీలు లేనివాళ్లకు, దారిలో విజయవాడలో ఆగి తినడం రెండో మంచి పద్ధతి. వేడివేడి ఇడ్లీ, అడిగినంత సాంబారు, ధర కూడా తక్కువ. అయితే ఉదయం విమానానికి ఆ అరగంట కూడా టెన్షనే, సాయంత్రం విమానమైతే హాయిగా కుదురుతుంది. గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్నపూస వేసిన ఇడ్లీ నాకు ప్రాణం. కానీ అది దారికి పక్కన, తొందర లేని రోజున వెళ్లాల్సిన చోటు.

ఇక లోపలే కొనక తప్పకపోతే, పూరీ, వడ, మయొనైజ్ పూసిన శాండ్‌విచ్ వదిలేసి ఇడ్లీ తీసుకుని సాంబారు ఎక్కువ అడుగుతాను. ఉడికించిన గుడ్లు దొరికితే ఇంకా మంచిది. పండ్ల రసం డబ్బా కన్నా పండు మేలు. వేడినీళ్లు పోసి ఇచ్చే నూడుల్స్, ఉప్మా కప్పులైతే వెనక్కి తిప్పి సోడియం చూస్తాను. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఉంది. ఆ ఉప్పులో ఉండే సోడియం దాదాపు 2,000 మిల్లీగ్రాములు. కప్పు మీద 1,000 కనిపించిందంటే సగం రోజు ఉప్పు అందులోనే అయిపోయినట్టు. నాన్నకు బీపీ కూడా ఉంది, నేను ఆ కప్పుల జోలికే వెళ్లను.

తిరుగు ప్రయాణంలో, పేరు చెప్పను గానీ, ఒక కౌంటర్‌లో చక్కెర లేని టీ అడిగాం. "చక్కెర వెయ్యలేదు మేడమ్" అంటూ ఇచ్చాడు. నాన్న ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టేశాడు, పాకంలా ఉంది. పొడి ప్యాకెట్ చూపించమని అడిగితే పదార్థాల్లో మొదటి పేరే చక్కెర. మిషన్ పొడిలోనే తీపి ఉంటుందని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. పక్క కౌంటర్ అమ్మాయి విషయం విని, వేడి పాలల్లో టీ బ్యాగు ముంచి ఇచ్చింది. షుగర్ ఉన్నవాళ్లు మిషన్ టీ దగ్గర "పొడిలోనే చక్కెర ఉందా?" అన్న ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి.

2024 డిసెంబర్‌లో కోల్‌కతా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కెఫే పెట్టి 10 రూపాయలకు టీ, 20కి సమోసా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు చాలా సంతోషించాను. ఆ సమోసా పక్కన ఒక దొన్నెడు గుగ్గిళ్లు, ఒక ఉడికిన గుడ్డు కూడా అదే ధరకు పెడితే నాన్నలాంటి వాళ్లు ఎంతమంది నిశ్చింతగా తింటారో.

ఇంటికి చేరేసరికి రాత్రి 10:30. అమ్మ జొన్న రొట్టెలు, సొరకాయ కూర మూతపెట్టి ఉంచింది. నాన్న చెయ్యి కడుక్కుని, కంచం ముందు కూర్చుని, ముందు షుగర్ చూసే మీటర్ తెమ్మన్నాడు. 132.