బీబీసీ మైక్రో మోడల్ బి: ప్లగ్గు పెట్టే ముందు మూత విప్పండి

1981 డిసెంబరులో బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ తెచ్చిన ఈ మెషీను ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా? కొనొచ్చు. పాత హోమ్ కంప్యూటర్లలో రిపేరుకు ఇంత తేలిగ్గా లొంగేవి తక్కువ. ‘ఫిక్స్’ అని రాసున్న నాలుగు స్క్రూలు తీస్తే మూత వచ్చేస్తుంది, ముఖ్యమైన చిప్పులు చాలావరకు సాకెట్లలోనే ఉంటాయి. కాకపోతే అమ్మేవాళ్లు చెప్పే ‘పనిచేస్తోంది’ అన్న మాట పట్టుకుని వెంటనే కరెంటు ఇవ్వొద్దు.

గొడవంతా ఆస్టెక్ కంపెనీ పవర్ సప్లైలోని రీఫా బ్రాండు కెపాసిటర్లతో. గోడ కరెంటులోని విద్యుత్ గోలను వడకట్టే మెయిన్స్ ఫిల్టర్‌లో 100 నానోఫారడ్‌లది ఒకటి, 10 నానోఫారడ్‌లది ఒకటి ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ పైతొడుగు బీటలు వారి, లోపలి కాగితం తేమ పీల్చుకుంటుంది. స్విచ్ వేసిన కాసేపటికి అవి పగిలి గదంతా కంపు, పొగ. విచిత్రమేమిటంటే, ఇవి ఫిల్టర్ భాగాలే కాబట్టి పొగ వచ్చాక కూడా మెషీను నడుస్తూనే ఉండొచ్చు. అమ్మేవాళ్ల మాట అబద్ధం కానక్కర్లేదన్నమాట! రెండూ తీసేసి అదే విలువలో ఎక్స్2 తరగతి (మెయిన్స్‌కు వాడే భద్రతా రకం), 275 వోల్టుల ఏసీవి వేయాలి. ప్లగ్గు పీకాక కూడా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవుండొచ్చు. మల్టీమీటర్‌తో కొలిచాకే చెయ్యి పెట్టండి.

ఆన్ చేయగానే మోత ఆగకుండా వస్తోందంటే, సౌండ్ చిప్పు నోరు మూయించే దాకా ప్రాసెసర్ వెళ్లలేదని అర్థం. ముందు రామ్ జోలికి పోకుండా శాశ్వత ప్రోగ్రాములుండే రోమ్ చిప్పులు ఊడదీసి, కాళ్లు తుడిచి, మళ్లీ గట్టిగా నొక్కండి. తెరమీద 32కే (32 కిలోబైట్ల మెమరీ) బదులు 16కే అని పడితే మాత్రం అనుమానించాల్సింది రామ్‌నే.

అసలు లోటు మెమరీ. తెర మీద చూపే పద్ధతుల్లో (మోడ్‌లలో) రంగులదైన మోడ్ 2 ఒక్కటే 20 కిలోబైట్లు మింగేస్తుంది. డిస్క్ సిస్టమ్ కూడా ఉంటే బేసిక్ భాషలో రాసే ప్రోగ్రామ్‌కు మిగిలేది 5,888 బైట్లు. టీవీ టెలిటెక్స్ట్ పేజీల తరహాలో చూపుతూ 1 కిలోబైటుతో సరిపెట్టుకునే మోడ్ 7 అందుకే అంత ముద్దు. ఇక మానిటర్‌కు వెళ్లే ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) సిగ్నల్ 15.6 కిలోహెర్ట్జ్‌ది, మామూలు వీజీఏ మానిటర్ పట్టుకోదు. కన్వర్టర్ కావాలి.

కొనేముందు బోర్డు మీద ఫ్లాపీ డ్రైవ్‌ను నడిపే 8271 డిస్క్ కంట్రోలర్ చిప్పు ఉందో లేదో చూడండి. అన్ని మోడల్ బిలకూ అది ఉండదు, విడిగా దొరకడం కష్టం. బదులుగా అదే పని చేసే 1770 చిప్పున్న చిన్న బోర్డు వేసుకోవచ్చు గానీ, 8271తో నేరుగా మాట్లాడే కాపీ ప్రొటెక్షన్ ఉన్న కొన్ని డిస్కులు దానిమీద లోడ్ కావు.