అంకె తల ఎటుంటే కొండ అటు: ఓఎస్ మ్యాపుతో నాలుగేళ్ళు

ఇంగ్లండ్‌లో మేముండే స్విండన్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నాలుగేళ్ళ కిందట నేనొక మాట గొప్పగా రాశాను. "పిల్లలకి ఇక్కడి కొండలూ లోయలూ నేర్పాలంటే మ్యాపులూ గీపులూ వద్దు, పైనుంచి తీసిన ఫోటో ఒకటి చేతిలో పెట్టండి. ఫోటో అబద్ధం చెప్పదు." దానికి బొటనవేళ్ళు కూడా బాగానే పడ్డాయి. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. మొత్తం కాదు, సగం.

నేను వాడుతున్నవి రెండు. ఆర్డ్‌నెన్స్ సర్వే (ఓఎస్) అనే బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ 170 కాగితం మ్యాపు, అదే ప్రాంతాన్ని నిట్టనిలువుగా పైనుంచి తీసిన ఫోటో. ఫోటోని ఏ3 సైజులో ప్రింటు తీయించాను. స్కేలు, ధర, గుర్తుల పట్టిక అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది మ్యాపులో ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గోధుమరంగు కాంటూర్ గీతల మధ్య ఇరుక్కుని ఉండే చిన్న అంకెల గురించి.

అప్పుడు మా అమ్మాయి ఇయర్ 4. ఇంగ్లండ్ సిలబస్‌లో ఏడేళ్ళలోపు పిల్లలకి వైమానిక ఫోటోలు చూపిస్తారు. ఆ పైన ఓఎస్ మ్యాపులు, చోటు ఎక్కడుందో ఆరంకెల్లో చెప్పే గ్రిడ్ రిఫరెన్సులు వస్తాయి. దగ్గర్లో ఉన్న కొండ ఒకటి చూసి నమూనా చేసుకురమ్మని బళ్ళో చెప్పారు. మాకు దగ్గర్లో అంటే అఫింగ్‌టన్ తెల్లగుర్రమే. సుద్దకొండ వాలు మీద కందకాలు తవ్వి, వాటిలో సుద్ద దట్టించి గీసిన 110 మీటర్ల గుర్రం. వయసు దాదాపు 3,000 ఏళ్ళు. దగ్గరికెళ్తే ఒక కాలో, ముక్కో కనబడుతుంది తప్ప మొత్తం బొమ్మ చిక్కదు. ఫోటోలో మాత్రం చుక్కలు పెట్టకుండా ఒక్క ఊపున లాగిన ముగ్గులా ఉంటుంది. ఊళ్ళో గుడికి ఊళ్ళోవాళ్ళు వెళ్ళరన్నట్టు, అరగంట దూరంలో ఉన్నా మేం అప్పటిదాకా ఆ కొండెక్కలేదు. ఫోటో ఉందిగా అనుకున్నాం.

మైదాపిండి, ఉప్పు, నీళ్ళు కలిపి చపాతీ ముద్దలా చేసుకుని డైనింగ్ టేబుల్ మీద కూర్చున్నాం. ఫోటోలో గుర్రం పక్కనే పొడుగ్గా, పక్కలకి ఎముకలు తేలినట్టు మడతలున్న కొండ కనిపించింది. "తిమింగలం వీపు" అంది మా అమ్మాయి. దాని పక్కన గుండ్రంగా, అడుగు చదునుగా ఒక కుంట. ముద్ద అలాగే వత్తాం. ఓవెన్‌లో పెట్టి ఎండబెట్టాక కుంటకి నీలం రంగు కూడా వేసింది.

ఆ వేసవికి మా నాన్నగారు తాడేపల్లిగూడెం నుంచి వచ్చి ఉన్నారు. సర్వేయరుగా రిటైరైన మనిషి. టేబుల్‌కి అవతలి వైపు కాఫీ తాగుతూ కూర్చుని, "అది గొయ్యిరా, కొండంటావేంటి?" అన్నారు. "మీరు తలకిందులుగా చూస్తున్నారు నాన్నగారూ" అన్నాను. "తాతయ్యా, ఇది కుంట" అని మా అమ్మాయి చూపిస్తే, "కుంటేమిటమ్మా, శుభ్రంగా దిబ్బైతేను" అన్నారు. ఇద్దరం నవ్వేసి మా పనిలో పడ్డాం.

శనివారం నాడు నమూనాని కారు డిక్కీలో పెట్టుకుని ముగ్గురం వెళ్ళాం. గుర్రం తల పక్కన నిలబడి మా అమ్మాయి కిందికి చూసింది. "నాన్నా, మన తిమింగలం ఏదీ?" తిమింగలం ఉండాల్సిన చోట ఊరంత గొయ్యి. దాన్ని మేంజర్ అంటారు, అంటే పశువుల మేత తొట్టి. రాత్రిపూట గుర్రం దిగి అక్కడ మేస్తుందని కథ. మేం నీలం రంగు పూసిన కుంట చదునైన తలతో కొండలా లేచి ఉంది. అది డ్రాగన్ హిల్. సెయింట్ జార్జ్ డ్రాగన్‌ని చంపింది అక్కడేనట, దాని నెత్తురు పడినచోట గడ్డి మొలవదట. కొండని గొయ్యి చేశాం, గొయ్యిని కొండ చేశాం. నాన్నగారు ఒక్క మాట అనలేదు. శాలువా సర్దుకుని గుర్రం వంక చూస్తూ నిలబడ్డారు. ఏదైనా అనేసి ఉంటే బాగుండేది.

ఫోన్లో మ్యాప్ యాప్ తెరిస్తే సిగ్నల్ లేక బూడిదరంగు గళ్ళు తప్ప ఏమీ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, పక్కింటాయన ఎప్పుడో ఇచ్చిన 170 మ్యాపు కారులో మడత విప్పకుండా పడి ఉందని. బానెట్ మీద పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు చేతులతో నొక్కిపట్టాం. కాసేపు చూసి మా అమ్మాయి అడిగింది: "ఇక్కడి అంకెలన్నీ తలకిందులుగా ఎందుకు వేశారు? ప్రింటింగ్ తప్పా?"

తప్పు కాదు. ఓఎస్ మ్యాపులో కాంటూర్ మీద ఎత్తు రాసేటప్పుడు అంకె తల ఎప్పుడూ ఎగువకి ఉండేలా రాస్తారు. గుర్రమున్న వాలు ఉత్తరానికి దిగుతుంది, ఎగువ అంటే దక్షిణం. అందుకే అక్కడ అంకెలు తలకిందులు. మేం దక్షిణం వైపు తిరిగి నిలబడి మ్యాపుని కూడా తిప్పి పట్టుకుంటే, అంకెలు నిటారుగా నిలబడ్డాయి, ఎదురుగా 261 మీటర్ల వైట్ హార్స్ హిల్ ఉంది. మేంజర్ దగ్గర అటూ ఇటూ గోడల మీది గీతల అంకెలు చూస్తే వాటి తలలు బయటివైపుకే. అంటే మధ్యలో పల్లం. ఎనిమిదేళ్ళ పిల్లకి పట్టడానికి ఒక్క నిమిషం పట్టింది. నాలుగేళ్ళుగా నేను ఈ మ్యాపుని పొగుడుతున్నది ఈ ఒక్క సదుపాయానికే.

మరి ఫోటో ఎందుకు అలా మోసం చేసింది? బ్రిటన్‌లో మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే. స్విండన్‌లో డిసెంబరులోనైతే నడినెత్తిన కాదు సరికదా, క్షితిజం నుంచి 15 డిగ్రీలు లేస్తే గొప్ప. ఫోటోలో ఉత్తరం పైన పెడతాం కాబట్టి వెలుగు కిందినుంచి పడినట్టు, నీడలు పైకి పోయినట్టు ఉంటాయి. మన కంటికి వెలుగు పైనుంచే వస్తుందని అలవాటు. దాంతో గొయ్యి గుట్టలా, గుట్ట గొయ్యిలా కనబడుతుంది. ఫోటోని తిరగేసి చూస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయి. నాన్నగారు టేబుల్‌కి అవతల కూర్చుని చేసింది అదే. ఆయనకది ముందే తెలుసా అంటే, లేదన్నారు. "మా ఎఫ్ఎంబీల్లో, అదే పొలాల కొలతల పుస్తకాల్లో, కొలతలే గానీ ఎత్తుపల్లాలు ఎక్కడున్నాయిరా? కనబడింది చెప్పాను." అదీ నిజమే. పైగా మన వైపు మే నెల మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ళ కిందే ఉంటుంది.

ఆ తర్వాత మ్యాపులో ఆయనకి బాగా నచ్చినవి ఆకుపచ్చ గీతల ముక్కలు, అంటే పొలాలకడ్డంగా పోయే కాలిబాటలు. "ఇవి మన పుంతలేరా" అని ఉన్న వారం రోజులూ ఏదో ఒక పుంత పట్టుకుని నడిచారు. కొండ అడుగున ఊల్‌స్టన్, కింగ్‌స్టన్ లైల్ లాంటి ఊళ్ళు వరసగా ఎందుకున్నాయో మనవరాలికి చెప్పింది ఆయనే. సుద్ద లోపలికి దిగిన నీరు కింద నీరు ఇంకని పొర తగలగానే ఊటగా బయటపడుతుంది, నీళ్ళున్నచోటే ఊరు. ఫోటోలో ఆ వరస చెట్ల గుంపుల్లా కనబడుతుందంతే. మ్యాపులో పేర్లతో, గీతలతో కలిపి చూస్తేనే కారణం తెలుస్తుంది.

ఇంతా చెప్పి మ్యాపునే నెత్తికెత్తుకుంటే మళ్ళీ పాత తప్పే. చిన్న దిబ్బల మీద అంకె రాయడానికి చోటుండదు, పక్క గీతల నుంచి లెక్కపెట్టుకోవాలి. చదునైన నేలలో గీతలే కరువు. పీటర్‌బరోలో ఉన్న మా బావగారి పిల్లలకి నా పద్ధతి చెప్పి పరువు పోగొట్టుకున్నాను. ఫెన్స్ అనే ఆ నేల బల్లపరుపు, వాళ్ళ దగ్గరి హోమ్ ఫెన్ అయితే సముద్రమట్టం కన్నా దాదాపు 2.75 మీటర్లు కింద. అక్కడ ఫోటోనే రాజు. ఎప్పుడో ఎండిపోయిన వాగులు కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన నల్లటి పీట్ నేలలో లేతరంగు ఒండ్రు చారలుగా, పాము కుబుసం విడిచినట్టు మెలికలు తిరిగి కనబడతాయి. ఆ పిల్లలు అవి చూసి గంటసేపు కదల్లేదు.

నిజానికి ఫోటోని, మ్యాపుని ఒకచోట పెట్టడం నా తెలివేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానం నుంచి పరిశీలకుడిగా పనిచేసిన క్రాఫర్డ్‌ని 1920లో ఓఎస్ తన తొలి పురావస్తు అధికారిగా పెట్టుకుంది. ఫోటోల్లో పొలాల కింద పాత గట్ల జాడలు పట్టినవాడు ఆయన. పాత ఫోటోలు కావాలంటే ఏరోఫిల్మ్స్ సంస్థ 1919 నుంచి 1953 దాకా తీసినవి దాదాపు 95,000 ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. వాటిలో చాలావరకు ఏటవాలుగా తీసినవి, ఈ గొయ్యి-గుట్ట తికమక తక్కువ. ముందే తెలిసుంటే వాటితోనే మొదలుపెట్టేవాణ్ణి.

మా 170 మ్యాపు ఇప్పుడు మడతల దగ్గర చిరిగిపోయింది, ఊల్‌స్టన్ మొత్తం సెల్లోటేపు కిందే ఉంది. తడవనిది కొనకపోవడం నా పిసినారితనం. కొనాలా వద్దా అంటే, దగ్గర్లో కొండ ఉండి, శనివారాలు ఖాళీగా ఉండి, పిల్లలకి ఎనిమిదేళ్ళు దాటితే కొనండి. ఇవేవీ లేకపోతే ఫోటో చాలు, కానీ ఓసారి తిరగేసి కూడా చూడండి. మా రెండోవాడికి ఆరేళ్ళు. వాడింకా ఏ ఫోటో ఇచ్చినా అందులో మా కారెక్కడుందో వెతుకుతున్నాడు.