మెక్సికో గనుల పాత షేర్ పత్రాలు: ఎక్కడ కొనాలి, ఎక్కడ దిగాలి

పాత షేర్ పత్రాలు గనుల ఊళ్లోనే చవగ్గా దొరుకుతాయని సేకర్తలు చాలామంది దిగీదిగగానే గనుల ఊరు పచూకాకి బస్సెక్కేస్తారు. సరుకుండేది మెక్సికో సిటీలో. శనివారం జోనా రోసాలోని ప్లాజా దెల్ ఆంహెల్, ఆదివారం లా లగునియా సంత. మొదటిచోట కాగితం శుభ్రం, ధర బిగువు. లగునియాలో బేరం కుదురుతుంది గానీ వెలిసిపోయినవీ, టేపు అంటించినవీ ఎక్కువ. కార్డులు నమ్ముకోకండి, పెసోల నోట్లే పట్టుకెళ్లండి.

తరచుగా కనబడేది లాస్ దోస్ ఎస్త్రెయాస్ కంపెనీ పత్రం. ఈ బంగారు గని స్థాపించిన ఫూర్నియే, ఆ సంపాదనతోనే 1912లో ఫ్రాన్సు తీరంలోని పోర్కెరోల్ దీవి కొనేశాడు. కథ ఘనమే గానీ కాగితం అరుదు కాదు, తొందరపడొద్దు. పత్రానికుండే కూపన్ల (డివిడెండు కోసం చించి ఇచ్చే ముక్కల) నంబరూ పత్రం నంబరూ కలవకపోతే ఎవరో అతికించారన్నమాట. 10 రెట్ల భూతద్దంలో సన్నగీతలు తెగకుండా సాగాలి. రంగురంగుల చుక్కలుగా విడిపోతే అది నకలు. యూవీ టార్చి వేసినప్పుడు కాగితం నీలంగా మెరిస్తే, తెల్లదనానికి రసాయనం కలిపిన ఈ కాలపు కాగితం. బ్యాంకులో ఇస్తే కోట్లొస్తాయని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి లేచిపోండి. మెక్సికో పాత బాండ్ల పేరుతో నడిచే మోసం అది.

19వ శతాబ్దపు పత్రమైతే ఇంకో చిక్కు. 1972 చట్టం ప్రకారం ఆ కాలపు అరుదైన చారిత్రక పత్రాలు అనుమతి లేకుండా దేశం దాటకూడదు. కొనేముందే ఐఎన్‌ఏహెచ్ (మెక్సికో జాతీయ మానవశాస్త్ర, చరిత్ర సంస్థ) కార్యాలయంలో అడగాలి. 1900 తర్వాతివి కొనుక్కుంటే తలనొప్పి తక్కువ.

పచూకా కొనడానికి కాదు, చూడడానికి. ఊరి నడిబొడ్డున గనుల చరిత్ర భాండాగారం, మ్యూజియం ఉన్నాయి. సోమవారం మాత్రం వెళ్లకండి. పచూకా దగ్గరి రియాల్ దెల్ మోంతె గనుల కంపెనీని 1824లో లండన్‌లో నిలబెట్టిన జాన్ టేలర్ పేరు మనవాళ్లకూ కొత్త కాదు. తర్వాత కోలార్ గనులు నడిపింది ఆ కుటుంబ సంస్థే. బస మాత్రం పచూకాలోనే, గడియార స్తంభం దగ్గర. రియాల్ దెల్ మోంతె ముచ్చటైన ఊరే, కానీ 2,700 మీటర్ల ఎత్తు, రాత్రి ఎముకలు కొరికే చలి, వారాంతాల్లో జనం. పగలు వ్యాన్లో వెళ్లి, అకోస్తా గని చూసి, వేడివేడి పాస్తె (లోపల కూర పెట్టి కాల్చిన కజ్జికాయ లాంటిది) తిని దిగిరావచ్చు.

దోస్ ఎస్త్రెయాస్ గని ఉన్న ఊరు త్లాల్పుహావా దూరం, బస్సులు మారాలి. అయినా ఆ కంపెనీ పత్రం కొన్నవాళ్లు అక్కడి గని మ్యూజియం చూడాల్సిందే. 1937 మే 27న గని వ్యర్థాల కట్ట తెగి ఊరిని ముంచేస్తే మిగిలిన చర్చి గోపురం ఇంకా నిలబడే ఉంది. నవంబరు, డిసెంబరుల్లో క్రిస్మస్ చెట్టుకి కట్టే గాజుబుడ్డీల బేరానికి జనం ఎగబడతారు. గది ముందే చెప్పుకోవాలి.

తెచ్చుకునేటప్పుడు పత్రాన్ని చుట్టకండి, కూపన్లు చిల్లుల గీత వెంట తెగిపోతాయి. పాలిఎస్టర్ కవర్లో పెట్టి, పత్రం కన్నా పెద్దవైన రెండు గట్టి అట్టల మధ్య బిగించి చేతి సంచిలోనే ఉంచండి. మామూలు పీవీసీ కవరు కొన్నాళ్లకి సిరాని పీల్చేస్తుంది. లామినేషన్ చేయిస్తే ఇక ఏ సేకర్తా కొనడు.